కొన్నధర యను క్రొత్త వేలుపు

మన తాతలు తుమ్ము వినబడిన ప్రయాణము మానుకొనిరి. పిల్లి యెదురైన వెనుకకు మరలిరి. శుక్రవారమునాడు సొమ్ము గడప దాటనీయరాదనిరి. మనము చదువుకొన్నవారము గనుక నీ నమ్మకములను జూచి నవ్వితిమి. తుమ్మును, పిల్లిని విడిచిన మాట నిజమే. కాని వానికంటె ఖరీదైన వేలుపు నొకదానిని చదువుకొన్న యిండ్లలోనే ప్రతిష్ఠించుకొన్నాము. ఆ వేలుపు పేరు కొన్నధర. దానికి గుడి చేతిలోని ఫోను. ఉదయము తొమ్మిదింబావుకు షేర్ల బజారు తెఱచునప్పుడు తొలిదర్శనము. మధ్యాహ్నము మూడున్నరకు మూయునప్పుడు కడపటి దర్శనము. ఎప్పుడో పడిపోయిన షేరు తిరిగి ఆ కొన్నధరకు వచ్చువఱకు దానిని ముట్టరాదు, అమ్మరాదు, ఇంటిలో దాని మాట యెత్తరాదు. ఇంతకంటె కఠినమైన మడి మన పూర్వులు సైతము పాటింపలేదు.

షేర్లు కొనుట జూదమని యొక్కమాటతో దీసివేయువారి పక్షమున నేను లేను. నలుగురు కూడి వ్యాపారము సాగించుట, అందు మధ్యతరగతి గృహస్థునకును వాటా యుండుట మంచిదే. పదిమంది పొదుపు కర్మాగారముగాను, పదిమంది బుద్ధి సాంకేతిక విద్యగాను మారుట దేశమునకు మేలు. నా తగవు వాటాతో గాదు, వాటాదారుని మనస్సుతో. ముఖ్యముగా సాంకేతిక వ్యాపారముల షేర్లు గొని, అవి యెదుగక, ఏండ్ల తరబడి విసిగి వేసారి, ఆ విసుగును ప్రశ్నగా మార్చుకొనక మ్రింగి కూర్చున్న వారితో. వారి విసుగు న్యాయమైనదే. అది పోవుచున్న త్రోవయే తప్పు.

మా యింటి సంగతియే చెప్పెదను. మా బావగారు కళాశాలలో ముప్పదియేండ్లు గణితము బోధించి విశ్రాంతి గొన్నవారు. 2021లో చేతికి వచ్చిన సొమ్ములో 6 లక్షల రూపాయలు సాంకేతిక వ్యాపారము చేయు నొక కంపెనీ షేర్లలో బెట్టిరి. దాని పేరు చెప్పను. ఏడాదిన్నర తిరుగకముందే ఆ 6 లక్షలు 2 లక్షలయ్యెను. బావగారు నోరు మెదపలేదు. మా అక్కగారికి ఆ షేర్లున్న సంగతియే తెలియదు. ఇంతలో ఆమె మోకాలికి శస్త్రచికిత్స తప్పదని వైద్యులు చెప్పిరి. 2 లక్షలు కావలసివచ్చెను. బావగారు ఒకదినమెల్ల దీర్ఘముగా నాలోచించి, అక్కగారి గాజులను, చంద్రహారమును బ్యాంకులో దాకట్టుపెట్టి, నూటికి నెలకు రూపాయి వడ్డీని 2 లక్షలు తెచ్చిరి. షేర్లు మాత్రము కదలలేదు.

ఆ తరువాత నెన్నాళ్లకో సంగతి బయటపడెను. "బావగారూ, ఆ షేర్లే అమ్మివేయవచ్చును గదా, గాజులెందుకు పెట్టడం?" అని యడిగితిని. ఆయన నా వంక జాలిగా జూచి, "ఇప్పుడమ్మితే నష్టం ఖాయమైపోతుందోయ్. అమ్మనంతవరకూ అది నష్టం కాదు. కొన్నధర రానీ, ఆ మర్నాడే అమ్మేస్తాను" అనిరి. ముప్పదియేండ్లు గణితము చెప్పిన నోటినుండి వచ్చిన మాట యిది! ఆయనను వెక్కిరించుటకు గాదు, ఈ వేలుపు మహిమ యెంతటిదో పాఠకులు గ్రహింతురని వ్రాయుచున్నాను. ఇదే మాటను నేను ప్లీడరుల యిండ్లలో వింటిని, వైద్యుల యిండ్లలో వింటిని, బ్యాంకులో పనిచేయువారి యిండ్లలోను వింటిని.

"అమ్మనంతవఱకు నష్టము గాదు" అను నీ మంత్రమును విప్పి చూతము. కుండ పగిలినది. పగిలిన పెంకులను చెత్తకుప్పలో వేయనంతవఱకు కుండ పగులలేదని యెవ్వరైన నందురా? 6 లక్షలు పెట్టిన వస్తువునకు నేడు బజారులో 2 లక్షలే యిత్తురన్నచో 4 లక్షలు పోయిన మాట నిజము. అమ్మినను పోయినవే, అమ్మకున్నను పోయినవే. అమ్మకము నష్టమును పుట్టింపదు. కాగితముమీద వ్రాయును, అంతే. ఇక రెండవ లెక్క. మూడింట రెండువంతులు పడిన షేరు తొలిధరకు రావలెనన్న మూడింతలు గావలెను. నాలుగింట మూడువంతులు పడినచో నాలుగింతలు గావలెను. మనవారు "అరువదియేడు శాతము పడినది, మరల అరువదియేడు శాతము పెరుగదా?" యని యనుకొందురు. పడుటకును లేచుటకును నిచ్చెన యొక్కటి గాదు.

మూడవ లెక్క యింకను ముఖ్యమైనది. బావగారు 2 లక్షల విలువగల షేర్లను ఉంచుకొని, 2 లక్షలు అప్పు తెచ్చిరి. దీని యర్థమేమి? ఏటికి 24 వేల రూపాయల వడ్డీకి అప్పు చేసి, ఆ షేర్లనే నాటి ధరకు మరల గొన్నట్లు. "ఈ కంపెనీ షేర్లు అప్పు చేసి కొందురా?" యని యెవరైన నడిగియున్నచో ఆయన చెవులు మూసికొనియుందురు. కాని చేసినది అదియే. అమ్మకుండుట యనగా ఏమియు చేయకుండుట గాదు. ప్రతిదినమును నాటి ధరకు మరల కొనుట. ఈ యొక్క సత్యము ఇంటింటను తెలిసినచో మన గృహస్థుల కష్టములు సగము తీరును.

ఇంతకును కొన్నధర యనునది కంపెనీ కేమైన దెలియునా? ఒకడు వేయికి గొనును, ఒకడు రెండువేలకు గొనును, ఒకడు మూడువందలకు గొనును. ఎవని కొన్నధర వానికి వేఱు. వ్యాపారము వీరిలో నెవని ధరను ఎఱిగి దానికొఱకు పెరుగవలెను? కొన్నధర మన జ్ఞాపకములో నున్న సంఖ్య. అది కంపెనీ లెక్కల పుస్తకములో లేదు, బజారు పలకమీద లేదు. మన జ్ఞాపకమును లోకము గౌరవింపవలెనని కోరుటయే మూఢవిశ్వాసమునకు మూలము.

ఇప్పుడు ఎల్లరెఱిగిన యొక యుదాహరణమును దీసికొందము. పేటీఎం యను పేరుతో బ్రసిద్ధమైన వన్ 97 కమ్యూనికేషన్సు 2021 నవంబరులో ప్రజలకు షేర్ల నమ్మెను. ధర రు. 2,150, మొత్తము రు. 18,300 కోట్లు. అప్పటికి మన దేశమున నంతటి తొలివిక్రయము జరుగలేదు. నవంబరు 18వ తేదీన షేరు బజారున కెక్కినది. ఆనాటి సాయంకాలమునకే నూటికి 27 వంతులు పడి రు. 1,560 ప్రాంతమున నిలిచినది. ఏడాది తిరుగునప్పటికి రు. 500 లోపునకు దిగినది. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు ఆ సంస్థతో సంబంధముగల పేమెంట్సు బ్యాంకుపై గట్టి యాంక్షలు విధింపగా, మరునాడును, ఆ మరునాడును నూటికి ఇరువదివంతుల చొప్పున పడినది. ఆ పిమ్మట కొంత కోలుకొని 2025లో వేయి రూపాయలు దాటినమాట నిజమే. కాని 2025 సంవత్సరాంతమునకు గూడ తొలిధరను జేరలేదు.

ఇందు మోసపోతిమని వాపోయినవారు వేనవేలు. వారిని నేనొక ప్రశ్న యడిగెదను. మీకు చెప్పని దేమి? 2020-21లో 1,700 కోట్ల రూపాయల నష్టము వచ్చినదని ఆ విక్రయపత్రములోనే యచ్చుపడియున్నది. నష్టములు ముందును రావచ్చునని హెచ్చరికయు నున్నది. మఱియొక సంగతి: ఆ 18,300 కోట్లలో 10,000 కోట్లు కంపెనీ చేతికే రాలేదు. అది యప్పటికే లోపలనున్న చైనా, జపాను పెట్టుబడిదారులు మొదలగు పాతవాటాదారులు తమ వాటాలను మన కమ్మి తీసికొనిపోయిన సొమ్ము. లోపలనుండి యంతయు జూచినవాడు ఏ ధరకు తాను బయటికి పోవ సంతోషించుచున్నాడో, ఆ ధరకే మనము లోపలికి వచ్చుటకు తొందరపడితిమి. ఇది రహస్యమా? ఆ పత్రము మొదటిపుటలలోనే యున్నది. చదివినవారెందఱు? పెండ్లి సంబంధమునకు మూడుతరములు విచారించువారము, వంకాయలు కొనునప్పుడు పుచ్చు చూచువారము. పదునైదేండ్ల పొదుపు నిచ్చునప్పుడు పుట త్రిప్పితిమి కాము.

అంతమాత్రమున కంపెనీవారు నిర్దోషులని నేననను. 2022 డిసెంబరులో, ప్రజలనుండి సొమ్ము దీసికొని పదమూడు నెలలు గడచినదో లేదో, ఆ కంపెనీయే 850 కోట్ల రూపాయలతో తన షేర్లను తానే, రు. 810 మించని ధరకు, బజారునుండి తిరిగి కొన నిశ్చయించెను. రు. 2,150కి మన కమ్మినదానిని అంతకు ఎంతో తక్కువకు తిరిగి కొనుట చట్టవిరుద్ధము గాదు. కాని వ్యాపారవృద్ధికని యడిగిన సొమ్ము వృద్ధికి అవసరము గాకపోయినదా, లేక ధరను నిలుపుట వృద్ధికంటె ముఖ్యమైపోయినదా యని వాటాదారుడు అడుగదగును. ఆ అడుగుటయే మన దేశమున కొఱవడినది.

ఏలన, అదే 2022 ఆగస్టులో జరిగిన వార్షికసభలో, షేరు తొలిధరలో మూడవవంతు చుట్టుప్రక్కల దిరుగుచుండగా, సంస్థాపకుని మరల ముఖ్యాధికారిగా నియమించు తీర్మానమునకు నూటికి తొంబదితొమ్మిదికి పైగా ఓట్లు లభించెను. ఆయన నియామకము మంచిదో చెడ్డదో నేను తేల్చుటలేదు. వీధిలో నంత కోపము, సభలో నింత ప్రసన్నత యెట్లు పొసగెనని యడుగుచున్నాను. ఓట్లలో పెద్దసంస్థల వాటాలే బరువైనవి, నిజమే. అయినను చిన్న వాటాదారులలో తామెందఱము ఓటు వేసితిమో ఎవరికి వారే తమ మనస్సుల నడిగికొందురు గాక. నాకు తెలిసిన పదిమంది నడిగితిని. వారిలో తొమ్మండుగురికి తమకొక ఓటున్నదనియే తెలియదు.

"మంచి కంపెనీ యైనచో ఎప్పటికైన కొన్నధర వచ్చును" అని కొందఱు వాదింతురు. అమెరికాలోని సిస్కో కథ వినుడు. అంతర్జాలమునకు గావలసిన యంత్రములను చేయు నా కంపెనీ 2000 మార్చిలో ప్రపంచమునందెల్ల ఎక్కువ విలువగల సంస్థగా కొంతకాలము నిలిచినది. షేరు ఎనుబది డాలర్లు. ఆ బుడగ పగిలినది. సిస్కో దొంగ కంపెనీ గాదు, మూతపడలేదు. 2000లో దాని వార్షికవిక్రయము 1,900 కోట్ల డాలర్లకు దగ్గర. 2025 నాటికి 5,600 కోట్ల డాలర్లు దాటెను. వ్యాపారము దాదాపు మూడింతలైనది. షేరు మాత్రము ఆ యెనుబది డాలర్లను మరల దాటుటకు 2025 డిసెంబరు వఱకు, అనగా ఇరువదియైదేండ్లకు పైగా పట్టినది. 2011 నుండియే కదా అది లాభాంశము లిచ్చుట మొదలిడినది! నలుబదియేండ్ల ప్రాయమున గొన్నవానికి అరువదియైదేండ్లు నిండిన పిమ్మట కొన్నధర దర్శనమిచ్చినది. ఈలోపల రూపాయి విలువ యెంత తగ్గెనో, పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఎన్ని గడచెనో యెవరు లెక్కింతురు? మంచి కంపెనీ వేఱు, మంచి ధర వేఱు. మంచి బియ్యమును కూడ బస్తాకు లక్ష రూపాయలిచ్చి కొన్నచో ఆ తప్పు బియ్యముది గాదు.

"మఱి మైక్రోసాఫ్టు మాట యేమి?" అని మన తెలుగువారు తప్పక యడుగుదురు. అడుగవలసినదే. 1999 డిసెంబరులో ఆ షేరు శిఖరము నెక్కినది. తరువాత స్టీవ్ బామర్‌గారి యాజమాన్యమున పదునాలుగేండ్లు గడచినవి. 2000లో 2,300 కోట్ల డాలర్లుగా నున్న విక్రయము 2013 నాటికి 7,700 కోట్లు దాటెను. షేరు మాత్రము నిద్రించెను. 2014 ఫిబ్రవరిలో, హైదరాబాదున జదువుకొన్న సత్య నాదెళ్లగారు ముఖ్యాధికారియైరి. 2016 అక్టోబరులో షేరు పాతశిఖరమును దాటినది. ఆ పిమ్మట నది యెంత యెత్తునకు బోయినదో లోకమెఱుగును. "చూచితిరా, ఓర్చినవారికి ఫలము దక్కినది!" అందురు.

ఓర్పు వలననా దక్కినది? 2011 మేలో డేవిడ్ ఐన్‌హార్న్ అను పెట్టుబడిదారుడు, బామర్‌గారు తప్పుకొనవలెనని బహిరంగముగా బలికెను. 2013 ఆగస్టులో, బామర్‌గారు తాము విరమింతుమని ప్రకటించిన వారములోనే, వాల్యూయాక్టు అను వాటాదారు సంస్థకు పాలకమండలిలో స్థానమీయ కంపెనీ యొప్పుకొనెను. అనగా కూర్చుండి జపము చేసినవారివలన గాక, లేచి ప్రశ్నించినవారి యొత్తిడియు తోడై ఆ మార్పు వచ్చినది. మనము నాదెళ్లగారిని జూచి గర్వింతుము. ఆయన రాకకు త్రోవ తీసిన వాటాదారుల ప్రశ్నలను మఱతుము. ఫలమును పూజించి సేద్యమును మఱచుట మనకు పాతయలవాటే.

పైగా ఓర్చిన ప్రతివానికిని ఫలము దక్కలేదు. 2000వ సంవత్సరమున మన దేశమున సాఫ్టువేరు పేరు చెప్పిన చాలు షేరు ఎగిరెడిది. కేతన్ పారేఖ్ అను దళారితో ముడిపడిన పెంటామీడియా, సిల్వర్‌లైన్, డి.ఎస్.క్యూ. సాఫ్టువేరు మొదలగువానిని గొన్నవారు, 2001 మార్చిలో నాతడు పట్టుబడిన పిమ్మటకూడ "కొన్నధర వచ్చునులే" యని కూర్చుండిరి. ఆ ధర మరల రానేలేదు. ఓర్చి బాగుపడినవాని కథ ప్రతి పెండ్లిలోను చెప్పబడును. ఓర్చి చెడినవాడు ఆ కథ చెప్పుటకు సిగ్గుపడి మూల గూర్చుండును. అందుచేత ఓర్పు ఎల్లప్పుడును గెలిచినట్లే మన చెవులకు వినబడుచుండును.

తెలుగువారికి సత్యం కంప్యూటర్సు చెప్పిన పాఠము వేఱుగా జెప్పవలసినది. అది మనవారి కంపెనీ, హైదరాబాదు కంపెనీ. అందుచేత ఎందఱో దానిని లెక్క చూచి గాక అభిమానముచేత గొనిరి. 2008 డిసెంబరు 16వ తేదీన, యజమాని కుటుంబమునకే చెందిన మేటాస్ సంస్థలు రెంటిని 160 కోట్ల డాలర్లకు కొందుమని కంపెనీ ప్రకటించెను. వాటాదారులు మండిపడిరి. కొన్ని గంటలలోనే ప్రతిపాదమును వెనుకకు దీసికొనవలసివచ్చెను. నెల తిరుగకముందే, 2009 జనవరి 7న, రామలింగరాజుగారు లెక్కలలో జూపిన సొమ్ములో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనేలేదని స్వయముగా లేఖ వ్రాసిరి. ఆ బోలునింపుటకే మేటాస్ ప్రయత్నమనియు అందులో నొప్పుకొనిరి. ఒక్కదినమున షేరు రు. 179 నుండి రు. 40 ప్రాంతమునకు కూలెను. ఏండ్ల తరబడి లెక్కలు పరీక్షించిన నిపుణులు పట్టుకొనలేనిదానిని, వాటాదారులు ఒక్కరాత్రి "ఇదెందుకు?" అని యడిగిన యడుగు బయటికి లాగినది. ప్రశ్నకున్న బలమిది! నమ్మకమునకు అభిమానము చాలదని ఇంతకంటె ఎవరు జెప్పగలరు?

ఇక కంపెనీవారి మంత్రమొకటి యున్నది: "దీర్ఘకాలము." షేరేల పడినదని యడిగిన "దీర్ఘకాలము చూడుడు" అందురు. నష్టములేల యనిన "దీర్ఘకాలమునకు విత్తుచున్నాము" అందురు. విత్తువానిని నేను గౌరవింతును. కాని రైతు విత్తినప్పుడు ఏ పంట, ఎన్ని నెలలకు, ఎకరమున కెన్ని బస్తాలని చెప్పగలడు. చెప్పలేనివాడు విత్తుటలేదు, చల్లుచున్నాడు. గత సంవత్సరము తాము చెప్పిన మాటలలో ఎన్ని జరిగినవి, ఎన్ని జరుగలేదు అని ప్రతి వార్షికనివేదికలోను కంపెనీ తానే యొక పట్టిక యచ్చువేసినచో దీర్ఘకాలమను మాటకు విలువ గలుగును. అట్లు చేయనివారి నోట దీర్ఘకాలమనగా "ఇప్పు డడుగకుము" అని యర్థము.

అడుగు మార్గములు లేవా? ఉన్నవి. నేడు ఓటు వేయుటకు బొంబాయి పోనక్కరలేదు. ఇంటనుండి కంప్యూటరు ద్వారా వేయవచ్చును. 2020 తరువాత పెక్కు కంపెనీల వార్షికసభలు తెరమీదనే జరుగుచున్నవి; వంటయింటినుండియు చూడవచ్చును. 2013 నాటి కంపెనీల చట్టమున 151వ విభాగము ప్రకారము, 20 వేల రూపాయల ముఖవిలువ మించని వాటాలుగల చిన్నవారు, వేయిమందిగాని, తమ మొత్తములో పదవవంతుగాని, ఏది తక్కువయైన నంతమంది కలిసి తాఖీదు పంపి, బజారునందు నమోదైన కంపెనీకి తమ ప్రతినిధి నొకనిని డైరెక్టరుగా నెన్నుకొన గోరవచ్చును. ఈ హక్కున్నదని మనలో నెందఱికి దెలియును? ధర పడినదని రోజుకు పదిమార్లు ఫోను చూచువారము, ఏడాదికొకసారి ఓటు వేయుటకు తీరిక లేదందుము.

కంపెనీలమాట యటుండ, మన యింటిమాటకు వత్తును. ఈ వేలుపు బ్రదుకుచున్నది ముఖ్యముగా రహస్యముచేత. లాభము వచ్చిననాడు భర్త యింటిల్లిపాదికిని మిఠాయి పంచును. నష్టము వచ్చిననాడు భార్యకు జెప్పడు. చెప్పినచో తన తెలివికి లోపమట! ఇంటి సొమ్ము ఇద్దఱిది. భార్య జీతము దెచ్చినను తేకున్నను, ఆమె పొదుపు లేక ఆ సొమ్ము మిగిలెడిది గాదు. పప్పు కొలతనుండి పాలలెక్కవఱకు ఆమె వ్రాయవలెను. ఆఱులక్షలు ఎచట నున్నవో ఆమె యెఱుగరాదు! స్త్రీవిద్య గూర్చి సభలలో నుపన్యసించు పురుషులు తమ డీమాట్ ఖాతా రహస్యపదమును భార్యకు జెప్పియున్నారా యని యడిగినచో సభలో సగము తలలు వంగును. ఆ ఖాతాకు ఆమె పేరు నామినీగా వ్రాయనివారును గలరు. కర్మవశమున ఆ పురుషుడు హఠాత్తుగా దాటిపోయినచో, ఆ యిల్లాలు ఎన్ని యాఫీసుల మెట్లెక్కవలెనో తలంచినారా?

రహస్యమునకు రెండవ ఫలము మొండితనము. పదిమందిలో జెప్పిన తప్పును దిద్దుకొనవచ్చును. దాచిన తప్పును కాపాడవలసియుండును. దానికొఱకే ధర దిగినకొలది మఱింత కొని, "సగటు తగ్గించితిని" అని తృప్తిపడుట. కంపెనీ నిజముగా బాగుపడుచున్నదని లెక్కలు చూచి కొన్నచో అది వివేకము. కొన్నధరను క్రిందికి దింపి మ్రొక్కు త్వరగా దీర్చుకొనుటకే కొన్నచో, అది మునుగు పడవలోనికి మఱియొక బస్తా యెక్కించుట.

కావున నేను కోరునది గొప్ప సంస్కరణము గాదు. ఏడాదికి రెండుసారులు, ఉగాదికి, దసరాకు, ఇంటిలో పెద్దలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుండి, తమకున్న ప్రతి షేరును కాగితముమీద వ్రాయవలెను. కొన్నధర యను గడిని మాత్రము వ్రాయరాదు. నేటి విలువ వ్రాసి, ప్రతిదానికిని ఒక్కప్రశ్న వేసికొనవలెను: "ఈ సొమ్ము నేడు నగదుగా చేతిలోనున్నచో, ఈ షేరునే కొందుమా?" కొందుమన్నచో, ఏల కొందుమో ఒక్కవాక్యము వ్రాసి ఉంచుకొనుడు, ఆ కంపెనీ సభకు ఓటు వేయుడు, ప్రశ్న పంపుడు. కొనమన్నచో అమ్మివేయుడు. అమ్మగా వచ్చిన నష్టమును గూడ పన్ను పత్రమునందు సకాలమున జూపినచో, చట్టము చెప్పిన రీతిని షేర్లు మొదలగువానిపై వచ్చు లాభములలోనుండి తీసివేయవచ్చును. మిగిలినదానిని ఎనిమిదేండ్ల వఱకు ముందుకు గొనిపోవచ్చును. దాచిన నష్టమునకు ఆ సౌకర్యమును లేదు.

కోపపడరాదని నేను జెప్పుటలేదు. సొమ్ము పోయినవానికి కోపము రాకున్న ఎవరికి రావలెను? కాని కోపమునకు చిరునామా యుండవలెను. విక్రయపత్రము చదువని తప్పు మనది. దానిని మన ఖాతాలో వ్రాసికొందము. మాట తప్పిన దోషము యాజమాన్యముది. దానిని సభలో నడుగుదము. ఈ రెండును చేయక, తెరమీది సంఖ్యను దిట్టుచు కూర్చుండుట వర్షము రాలేదని మేఘమును దిట్టుటవంటిది.

మా బావగారి కథ ముగించెదను. పోయిన సంక్రాంతికి నేను వారింట నుండగా అక్కగారే సంగతి యెత్తిరి. "ఏమండీ, ఇప్పుడు మీ చేతికి ఎవరైనా రెండు లక్షలిస్తే ఆ కంపెనీ షేర్లే కొంటారా?" అని యడిగిరి. బావగారు చాలసేపు పలుకలేదు. చివరకు "కొనను" అనిరి. "మరి నా గాజులు బ్యాంకులో పెట్టి ఆ కంపెనీని ఎందుకు పోషిస్తున్నట్టు?" అని ఆమె యనిరి. ఆమె గొంతులో కోపములేదు. అదియే ఆయనకు ఎక్కువగా దగిలినది. పండుగ వెళ్లిన మూడవనాడు షేర్లన్నియు అమ్మిరి. అప్పు తీరినది, గాజులు, చంద్రహారము ఇంటికి వచ్చినవి.

దాచనేల, ఆ పిమ్మట రెండుమాసములకు ఆ షేరు కొంత పెరిగినది. బావగారి స్నేహితు డొకడు వచ్చి, "తొందరపడ్డారండీ, ఇంకొంచెం ఆగవలసింది" అని సానుభూతి పలికెను. బావగారు లోపలికి జూచిరి. అక్కగారు కాఫీ తెచ్చుచుండిరి. చేతుల గాజులు గలగలలాడుచుండెను. "ఆగాను, నాలుగేళ్లు ఆగాను. ఆ వడ్డీ లెక్క మీరెవరూ అడగలేదు" అని మాత్రమనిరి. అడుగవలసిన లెక్క అదియే. పాఠకమహాశయులారా, ఈ రాత్రియే మీ యింటిలో ఆ కాగితము తీయుడు.